వేలికొన కానుక

"కావ్యమ్మా, టీ చల్లారిపోతోంది. ఒక్కసారి తలుపు తియ్యమ్మా."

బేస్‌మెంటు మెట్లలో చివరిదాని మీద నిలబడి మార్తమ్మ మూడవసారి పిలిచింది. తలుపుకు అవతల ఇల్లు వెచ్చబరచే ఫర్నేసు హోరు తప్ప మరే అలికిడీ లేదు. శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల, పర్మిట్ పొడిగింపుకు తాను జతచేసిన ఉద్యోగ పత్రం దొంగదని, మంగళవారంలోగా జవాబు చెప్పాలని ఇమిగ్రేషన్ వారు రాసిన ఉత్తరం చూపించి కిందికి దిగిపోయింది. ఇది ఆదివారం ఉదయం. నడుమ శనివారమంతా ఆమె పైకి రాలేదు. పెట్టిన అన్నం పెట్టినట్టే మెట్టు మీద ఎండిపోయింది.

"ఆంటీ, మీరు పోండి. నాకేం వద్దు," అని ఎట్టకేలకు లోపలినుంచి మాట వచ్చింది.

"టీ తాగితే ఏవవుతుందీ? నిన్న పనికి కూడా వెళ్ళలేదు నువ్వు."

"పనికి పోయి ఏం జేస్త ఆంటీ? మంగళారం దాటితే నేను ఈడ ఉండుడే లేదాయె."

పద్దెనిమిదేళ్ళుగా వృద్ధుల శరణాలయంలో పనిచేస్తూ, అంత్యదశలో ఉన్నవారి చేతులు పట్టుకుని ఎందరికో ధైర్యం చెప్పిన మనిషి మార్తమ్మ. తన ఇంటి కింది గదిలో అద్దెకున్న ఇరవైనాలుగేళ్ళ పిల్లకు చెప్పదగిన ఒక్క మాట దొరకలేదు. కప్పును మెట్టు మీద ఉంచి, మోకాళ్ళు పట్టుకుంటూ పైకెక్కింది.

వంటగది బల్ల మీద లాయరు పంపిన కాగితం ఉన్నది. దానికి ఎదురుగా ఆమె భర్త ప్రభుదాసు కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, నీలం టై. ఎటోబికో తెలుగు సంఘానికి పదేళ్ళుగా పెద్ద ఆయన. పాస్టరుగారు నెలకు రెండు ఆదివారాలే వస్తారు గనుక, మిగిలిన ఆదివారాల ఆరాధన ఆయన చేతి మీదుగానే జరుగుతుంది. ఈ ఆదివారం ఆయనదే.

"తీసిందా తలుపు?"

"తియ్యలేదు. మీరు సంతకం పెట్టారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవవలసినంత మసక దానికి లేదు.

కాగితంలో ఉన్నది నాలుగు వాక్యాలే. జనవరి రెండవ ఆదివారం నాడు, ఆరాధన ముగిసిన పిమ్మట, తన భార్య నడిపే బ్లాగు తెరిచి అందులో కనిపించే ప్రతి ప్రకటననూ ఒక్కొక్కసారి నొక్కవలసిందిగా తాను అందరినీ కోరానని మొదటి వాక్యం. ఆ అలవాటును మానవద్దని తరువాత కూడా చెబుతూ వచ్చానని రెండవది. కావ్యశ్రీ ఆ ప్రకారమే, ఉద్యోగ పత్రం ఇప్పిస్తానన్న ఒక కన్సల్టెంటు ప్రకటనను నొక్కి, అది తమ సిఫారసేనని నమ్మినదని మూడవది. అది బూటకపు ప్రకటన అని నేడు తాను ఎరుగుదునని నాల్గవది. దాని కింద ఒక గీత. గీత మీద ఏమీ లేదు.

"నువ్వు చదివావా ఇది సరిగ్గా?" అన్నాడాయన. "సంఘంలో నేను నిలబడి అందరిచేతా దొంగ నొక్కులు నొక్కించానని నా చేత్తో నేనే రాసివ్వాలి. అంతేగా?"

"దొంగ అని అందులో ఎక్కడుందండీ?"

"రాయక్కర్లేదు. చదివేవాడికి తెలీదా?"

"మరి మీకు ఆ రోజు తెలీలేదా?"

పైనుంచి ఒక విమానం ఇంటికప్పును ఒరుసుకుంటున్నట్టు దిగి, ఎయిర్‌పోర్టు వైపు వెళ్ళింది. ఆ రొద తగ్గేవరకూ ఇద్దరికీ మౌనంగా ఉండటానికి ఒక మిష దొరికింది.

నిజానికి ఆ రోజు ఆయనకు తెలియదు. కొత్తగా దిగిన పిల్లల కోసం మార్తమ్మ నాలుగేళ్ళుగా రాస్తున్న బ్లాగు అది. బేస్‌మెంటు అద్దెకు తీసుకునేటప్పుడు ఏమి అడగాలి, మంచులో ఏ బూట్లు జారవు, ఏ ఉద్యోగానికి ముందుగా డబ్బు కట్టకూడదు, ఇటువంటివి. దానిమీది ప్రకటనలను చూసినందుకూ నొక్కినందుకూ వచ్చే రాబడితో ప్రతి చలికాలం పది, పదకొండు చలికోట్లు కొని, కోటు లేని పిల్లలకు పంచేవారు. రాబడి చాలడం లేదని తెలిసి ఆయన వేదిక మీద నిలబడి నవ్వుతూ అన్నాడు: "జేబులో డాలరు లేనివాళ్ళు బాధపడకండి. మార్తా ఆంటీ పేజీ తెరిచి ప్రతి యాడ్‌నీ ఒక్కసారి నొక్కండి. వేలికొనతో ఇచ్చే కానుక ఇది." అందరూ నవ్వి, ఫోన్లు తీసి, ఆమేన్ అని నొక్కారు. కానుక సంచీలో ఏమీ వేయలేని పిల్లల ముఖాలు ఆ రోజు వెలిగాయి. తప్పుడు తూకం దేవునికి హేయమని ఎన్నో ప్రసంగాలు చేసినవాడే. కాని తప్పుడు తూకమనేది ఇంత నవ్వుముఖంతో కూడా వస్తుందని ఆయన ఎరుగడు.

మేడమీది గదినుంచి కూతురు హోప్ లాప్‌టాప్ పట్టుకుని దిగింది. మే నెలలో పెళ్ళి కావలసిన పిల్ల. కళ్ళకింద రెండు రాత్రుల నిద్రలేమి కనిపిస్తున్నది.

"డాడీ, ప్లీజ్ సైన్ ఇట్. లాయర్‌కి రేపు పొద్దున్నే పంపాలి."

"నువ్వు కూడానా? అసలు ఆ యాడ్‌ని మన పేజీలో పెట్టింది ఎవరు? నేనా? మీ అమ్మా?"

"ఎవరూ పెట్టరు డాడీ. ఎన్నిసార్లు చెప్పాను? పేజీ ఓపెన్ అయ్యేలోపలే వేలం అయిపోతుంది. చదివేది ఎవరు, ఏ ఊరు, అంతకుముందు ఏం వెతికారు, అదంతా చూసి యాడ్ చోటు కొనేవాళ్ళు రేటు చెప్తారు. ఎవడు ఎక్కువ చెప్తే వాడి యాడ్ పడుతుంది. యాడ్ ఎక్స్ఛేంజ్ అంటే అదే. కన్నుమూసి తెరిచే టైమ్ కూడా పట్టదు."

"మా నర్సాపురం రేవులో చేపల వేలం లాగా," అన్నాడాయన, ఎరిగిన నేల మీద కాలు మోపుకోవడానికన్నట్టు.

"చేపల వేలంలో గంప గలవాడు పక్కనే ఉంటాడండీ," అన్నది మార్తమ్మ. "పాట తక్కువైతే అమ్మనని గంప నెత్తికెత్తుకుని పోతాడు. మా నాన్న ఎన్నిసార్లు అలా పోలేదూ?"

"ఎగ్జాక్ట్లీ మమ్మీ. దాన్నే ఫ్లోర్ అంటారు. ఇంతకు తక్కువైతే మా పేజీ ఇవ్వం అని మనం పెట్టుకునే కనీస ధర. వెయ్యిసార్లు చూపిస్తే ఒక డాలర్ అని పెట్టాం. చిన్న బ్లాగ్ అయినా బ్యాంకులు, బట్టల షాపులు వచ్చేవి."

"వచ్చేవి అంటున్నావు," అన్నది తల్లి.

హోప్ లాప్‌టాప్ మూత మీద గోటితో గీస్తూ కూర్చుంది.

"ఒకే ఆదివారం, ఒకే హాల్ వైఫై నుంచి, గంటలో రెండొందల నొక్కులు. యాడ్ ఎక్స్ఛేంజ్ వాళ్ళకి తెలియదనుకున్నావా డాడీ? రెండు నెలల డబ్బు ఆపేశారు. మన పేజీ నమ్మదగ్గది కాదని మార్క్ చేశారు. మంచి కంపెనీలన్నీ వేలంలోకి రావడం మానేశాయి."

"ఫోన్ చేసి చెప్పొచ్చుగా, ఇలా చర్చి వాళ్ళం, కోట్ల కోసం అని?"

"ఎవరికి చేస్తావు? పెద్ద సైట్‌లకైతే మాట్లాడటానికి ఒక మనిషి ఉంటాడు. మనలాంటి వాళ్ళకి ఒక మెయిల్. దానికింద జవాబు రాయకండి అని ఒక లైను."

"సరే. డబ్బు ఆపారు. తప్పు నాది. మరి ఈ దొంగ కన్సల్టెంటు ఎలా వచ్చాడు?"

హోప్ తల్లివైపు చూసింది. పసితనంలో పింగాణీ పళ్ళెం పగలగొట్టిన నాడు కూడా ఇలాగే చూసింది.

"ఫ్లోర్ నేను సున్నా చేశాను. ఏ యాడ్స్ వద్దో చెప్పే ఫిల్టర్‌లు కూడా తీసేశాను, ఎవరైనా రానీ అని. యాడ్స్ ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తున్నాయి, కోట్లకి ఏం రావట్లేదేంటి అని మమ్మీ రోజూ అడిగేది. సో... తలుపు తీసి పెట్టాను."

మార్తమ్మ పొయ్యి దగ్గరకు వెళ్ళి, ఆరిపోయి ఉన్న మంటను మళ్ళీ ఆర్పింది.

"నేను అడిగానా అలాగ?" అన్నది వెనుదిరగకుండానే.

"రోజూ అడిగావు మమ్మీ."

కొంతసేపు ఆ వంటగదిలో ముగ్గురూ ఎవరి తప్పును వారు తడుముకున్నారు. ముగ్గురివీ కలిపితేగాని ఒక పాపం పూర్తి కాలేదు. విడివిడిగా చూస్తే దేనికీ పాపమనే పేరు చాలదు.

"ఆ యాడ్ ఏ పేజీ మీద పడింది?" అని అడిగింది మార్తమ్మ. అడగక ముందే ఆమెకు తెలుసు.

"నువ్వు రాసిందే. డబ్బు కట్టి ఉద్యోగ పత్రం కొనకండి అని."

"దాని కిందా?"

"సరిగ్గా దాని కింద. ఉద్యోగ పత్రం, పర్మిట్, ఆ మాటలన్నీ అందులో ఉన్నాయి కదా. అవి అమ్మేవాడికి అదే కావాలి. వద్దు అని రాశావో, కావాలి అని రాశావో, మెషీన్ చూడదు."

"ఆ అమ్మాయి నొక్కినందుకు మనకెంత పడిందే?"

"మమ్మీ, డోంట్."

"చెప్పు."

హోప్ లాప్‌టాప్ తెరిచి, చూడనక్కరలేని అంకెను మళ్ళీ చూసింది. "ఆ రోజు ఆ యాడ్ మీద ఒకటే నొక్కు ఉంది. మూడు డాలర్ల ఎనభై సెంట్లు."

"మామూలుగా పది సెంట్లు కూడా రావు కదా?" అన్నాడు ప్రభుదాసు.

"కావ్య రోజూ వర్క్ పర్మిట్ గురించి నెట్లో వెతుకుతోంది. పర్మిట్ అయిపోవస్తున్నవాళ్ళ కోసం వాళ్ళు ఎక్కువ పెడతారు డాడీ. ఎంత భయంలో ఉంటే అంత రేటు."

ముప్పై వెండి నాణేలకు ప్రభువును అమ్మిన శిష్యుడి కథను ప్రభుదాసు ఎన్ని ఉపవాసకాలపు మండల దినాల్లో చెప్పాడో లెక్కలేదు. అమ్మినవాడికి తాను అమ్ముతున్నట్టు తెలుసునని అన్నిసార్లూ నొక్కి చెప్పాడు. తెలియకుండా కూడా అమ్మవచ్చునని ఎన్నడూ చెప్పలేదు.

అయినా మానవహృదయం చివరి గోడకు చేరేవరకూ వెనక్కి జరుగుతూనే ఉంటుంది.

"అయినా ఆ పిల్లకి బుద్ధుండక్కర్లేదా?" అన్నాడు. గొంతు పెరిగింది. "తొమ్మిది వేల డాలర్లు ఎవడి చేతిలోనో పోస్తుందా? మనకి కాబోయే అల్లుడు క్రిస్టఫర్ లేడూ? పర్మిట్ అతనికీ అయిపోవచ్చింది. ఓపిగ్గా వెతుక్కున్నాడు, నిజమైన కంపెనీయే పిలిచి లెటర్ ఇచ్చింది. అందరూ..."

"ఏవండీ."

మార్తమ్మ చూపు ఆయన భుజం మీదుగా వెనక్కి పోయింది. మెట్ల తలుపు తెరుచుకుని ఉన్నది. కావ్యశ్రీ నిలబడి ఉంది. ఒంటిమీద నల్లని చలికోటు, చేతిలో ముట్టని టీ కప్పు.

ఆ కోటు ఎవరు కొన్నదో, ఏ డబ్బుతో కొన్నదో ఆ గదిలో అందరికీ తెలుసు.

"కప్పు పెట్టిపోదామని వచ్చిన ఆంటీ," అని దాన్ని సింకులో పెట్టింది. నీళ్ళు వదిలి కడిగింది కూడా. జగిత్యాలలో ఆమెను పెంచిన తల్లి నేర్పిన మర్యాద ఈ గడియలోనూ వదలలేదు.

"కూర్చోమ్మా," అన్నాడు ప్రభుదాసు.

"షిఫ్టుకు పోతున్న అంకుల్. మూడింటి దాకుంది." తలుపు వైపు రెండడుగులు వేసి ఆగింది. "అంకుల్, మీరన్నది నిజమే. నాకు బుద్ధి ఉండాల్సింది. కానీ ఒక్కటి చెప్త, ఏమనుకోకుండ్రి. నేను మీ సంఘం పిల్లను గూడ కాదు. తెలుగోళ్ళు ఉంటరని, అన్నం పెడ్తరని వచ్చేదాన్ని. ఆ రోజు మీరు అందర్నీ నొక్కుమన్నరు. మీ పిల్లలు ఒకపాలి నొక్కి మర్చిపోయిండ్రు. నాకు కోటు ఇచ్చిండ్రు కదా అని నేను రోజూ నొక్కిన. పొద్దుగాల లేవంగనే, దేవునికి దండం పెట్టుకున్నట్టు."

ఆమె కోటు జిప్పు మెడదాకా లాక్కుంది.

"డబ్బు కట్టకుండ్రి అని ఆంటీ రాసింది నేను చదవలేదా? చదివిన. కింద ఇది కనపడ్డది. బయట అన్నీ దొంగవి, ఆంటీ పేజీల ఉన్నది మాత్రం మంచిదే అయ్యుంటది అనుకున్న. ఆంటీ చూడకుండ పెడ్తదా అని." ఆమె ముక్కు తుడుచుకుంది. "సంతకం చెయ్యకుంటే చెయ్యకుండ్రి. మీ పేరు పోతది, నాకర్థమైతది. వాళ్ళిచ్చిన లెటర్ దొంగదని నాకు తెల్వదని నేను ఒక్కదాన్నే రాసుకుంట. నమ్మకుంటే ఐదేండ్లు ఈ దేశానికి రానియ్యరంట. అంతే గదా."

తలుపు మూసుకుంది. మంచు కరిగి బురదైన దారిలో ఆమె బూట్ల చప్పుడు కొంతదూరం వినిపించి ఆగిపోయింది.

ప్రభుదాసు కాగితాన్ని మడిచి బైబిలులో పెట్టుకున్నాడు. గీత మీద ఇంకా ఏమీ లేదు.

*

ఇంగ్లీషువాళ్ళ చర్చి నేలమాళిగలోని హాలును మధ్యాహ్నం రెండింటి నుంచి తెలుగు సంఘానికి అద్దెకిస్తారు. వారు తాగి వెళ్ళిన కాఫీ వాసన ఇంకా గోడలను వదలలేదు. అరవైమంది దాకా వచ్చారు. ఎక్కువమంది చదువుకునే పిల్లలు, రాత్రి షిఫ్టులు ముగించుకుని నిద్రకళ్ళతో వచ్చినవారు. కీబోర్డు ముందు క్రిస్టఫర్ కూర్చుని ఉన్నాడు. అతడు తలెత్తి నవ్వగా, ముందు వరుసలో హోప్ నవ్వలేక చెయ్యి మాత్రం ఊపింది.

పాటలు అయ్యాయి. వాక్యం అయింది. ఏమి చెప్పాడో ప్రభుదాసుకే తెలియదు. ముగింపు ప్రార్థనకు బైబిలు తీయబోతే మడిచిన కాగితం వేళ్ళకు తగిలింది.

ఆయన దాన్ని విప్పాడు.

"నేనొక మాట చెప్పాలి," అన్నాడు. మైకులో ఆయన గొంతు ఆయనకే పరాయిగా వినబడింది. "జనవరిలో ఇక్కడే నిలబడి, మార్తా బ్లాగులో యాడ్స్ అన్నీ నొక్కమన్నాను. మీరు నా మాట మన్నించి నొక్కారు. అది తప్పు. యాడ్ కోసం డబ్బు కట్టేవాణ్ణి మోసగించడం అది. కోట్ల కోసం చేసినా అదే. ఆ తప్పు వల్ల మంచివాళ్ళు పోయి మోసగాళ్ళు మా పేజీలోకి వచ్చారు. మన హాల్లో అన్నం తిన్న ఒక ఆడపిల్ల వాళ్ళ చేతిలో పడింది. ఈ కాగితంలో అదంతా ఉంది."

జేబులోని కలం తీసి, అందరూ చూస్తుండగా, ఆయన సంతకం చేశాడు. మూడవ వరుసలో మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కడితో ముగించి ఉండవచ్చును. కాని తప్పు ఒప్పుకున్న మనిషికి కలిగే తేలికదనంలో ఒక ప్రమాదం ఉన్నది. ఇంకొక మంచి పని కూడా చేయాలనిపిస్తుంది.

"ఇంకెవరైనా ఆ యాడ్ ద్వారా డబ్బు కట్టి లెటర్ తీసుకుని ఉంటే, వాళ్ళకీ ఇలాంటి కాగితం రాసిస్తాను. సిగ్గుపడొద్దు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోండి. పక్కవాళ్ళ వంక చూడొద్దు. అలాంటివాళ్ళు చెయ్యెత్తండి. నేనొక్కణ్ణే చూస్తాను. వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా, ఇంట్లోవాళ్ళకి కూడా నేను చెప్పను. దేవుని ఎదుట మాటిస్తున్నాను."

అరవై తలలు వంగాయి. ప్రార్థన వేళల్లో వాయించే మెల్లని స్వరాన్ని క్రిస్టఫర్ ఎత్తుకున్నాడు.

చాలాసేపు ఏ చెయ్యీ లేవలేదు. తరువాత స్తంభం పక్కన ఒకటి లేచింది. వెనుక వరుసలో మరొకటి. దాని పక్కనే ఇంకొకటి. ముగ్గురూ పిల్లలే. ఆయన పెదవులు కదుపుతూ వారి పేర్లను గుర్తుపెట్టుకున్నాడు.

అంతలో సంగీతంలో ఏదో తగ్గింది. పైస్వరం ఆగిపోయి, కింది స్వరమొక్కటే ఒంటరిగా సాగుతున్నది.

ప్రభుదాసు తల తిప్పాడు.

క్రిస్టఫర్ ఎడమచెయ్యి కీబోర్డు మీదనే ఉన్నది. కుడిచెయ్యి భుజమెత్తు వరకు లేచి నిలిచింది. అతని కళ్ళు మూసి లేవు. తిన్నగా ఆయనవైపే చూస్తున్నాయి.

వారిద్దరికీ నడుమ, ముందు వరుసలో, హోప్ గట్టిగా కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నది. ఒడిలో పెట్టుకున్న చేతికి నిశ్చితార్థపు ఉంగరం.

సంఘమంతా ఆయన ఆమేన్ కోసం తలలు వంచుకుని ఎదురుచూస్తోంది. ఆ మాట అంటే అందరూ కళ్ళు తెరుస్తారు. కింది స్వరం ఇంకా సాగుతూనే ఉన్నది.